పది ముప్పై అయిదుకు ఫణీంద్ర ఎక్కడున్నాడు?

పదకొండేళ్లుగా నాకొక అనుమానం ఉంది. పొద్దున పూజలో కూర్చుని కళ్లు మూసుకుంటే స్వామి రూపం కన్నా ముందు ఒక వేలిముద్ర కనబడుతుంది. నీలం సిరాలో అద్దిన బొటనవేలి ముద్ర. దానికి అడ్డంగా, ఏటవాలుగా ఒక తెల్లటి గీత. ఎప్పుడో తెగి మానిన గాటు అది.

1984లో ఆ ముద్రను నమ్మి నేనొక రిపోర్టు రాశాను. మాసయ్య అనే తాపీ మేస్త్రీ పాలసీ తీసుకున్న ఏడాదిన్నరకే కేన్సర్‌తో పోయాడు. రోగం సంగతి తెలిసీ దాచి పాలసీ తీసుకున్నాడని రాశాను. ఆసుపత్రి రిజిస్టరులో రోగి తానే రిపోర్టు తీసుకున్నట్టు వేలిముద్ర ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. అతని భార్య బుగ్గమ్మకు రావలసిన అయిదు వేలు ఆగిపోయాయి. రిపోర్టు పంపిన మర్నాడే అనుమానం మొదలైంది. ఆ ముద్ర మాసయ్యదేనా? ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

నా పేరు కిషన్ రావు. బీమా ఆఫీసు తరఫున క్లెయిములు విచారించడం నా వృత్తి. పత్తేదారు అని పెద్ద పేరు పెట్టనవసరం లేదు. చదివింది ఇంటరు. చనిపోయిన మనిషి రాసిచ్చిన కాగితానికీ, బతికిన బతుకుకూ పొంతన ఉందా లేదా అని చూసి చెప్పడమే నా పని.

1995 ఆగస్టులో ఒక శుక్రవారం. ఉదయం తొమ్మిదిన్నరకు చిక్కడపల్లిలో నళిని ఉండే కిరాయి వాటా గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి లోపల ఒక మగగొంతు వినిపించింది.

"సంతకం పెట్టమ్మా. కట్టిన కిస్తులన్న వాపసొస్తయి. మొండికేస్తే అవీ రావు."

ఆ గొంతు నాకు తెలుసు. జగదీశ్వర్. కొన్నేళ్లు పోలీసు శాఖలో ఉండి బయటికొచ్చినవాడు. ఈ పనిలో ఓనమాలు నా దగ్గరే దిద్దాడు. ఇప్పుడు నాకంటే ఎక్కువ ఫైళ్లు అతనికే వస్తాయి. మే నెలలో పోయిన నళిని భర్త ఫణీంద్ర క్లెయిము ఫైలు కూడా మొదట అతనికే వెళ్లింది. "మోసం, తిరస్కరించవచ్చు" అని రాసిచ్చాడు. నళిని పై ఆఫీసుకు అర్జీ పెట్టుకుంది. దాంతో రెండో విచారణ నాకు అప్పగించారు. ఆ రోజు సాయంత్రం అయిదింటికి నా రిపోర్టు అందకపోతే మొదటి రిపోర్టే ఖాయమవుతుంది.

లోపలికి వెళ్లాను. బల్ల మీద ఒక కాగితం ఉంది. "నా భర్తకు కేన్సర్ సంగతి పాలసీకి ముందే తెలుసు. పాలసీ సొమ్ము నేను కోరను" అని టైపు చేసి ఉంది. నళిని ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. నలభై లోపు మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ నీళ్లు లేవు.

"నా మొగుడు దొంగ అని నా చేత్తోటి రాసియ్యమంటున్నవా?" అంటోంది జగదీశ్వర్‌తో. "ఇరవై ఏండ్లు ప్రెస్సుల బైండింగ్ చేసిండు. ఒక్క అట్టముక్క ఇంటికి తేలే. లక్ష రూపాయలు మీ దగ్గరనే పెట్టుకోండ్రి. మోసం అని రాసిన్రు చూడు, ఆ మాట కొట్టెయ్యండ్రి ముందు."

"ఓహో, నామాలన్న వచ్చిండు!" జగదీశ్వర్ నా నుదుటి నామాలు చూసి నవ్వాడు. "రా అన్నా. నీ గోవిందుడు ఏమన్న చెప్పిండా ఈ కేసు గురించి?"

"నువ్వు మాట్లాడుతుంటే ఆయనకు సందేది తమ్మీ?" అన్నాను. "విచారణ నా చేతికొచ్చినంక ఈ ఇంట్ల నీకేం పని?"

"మంచికే వచ్చిన. ఉత్త చేతులతోటి ఎందుకు పోవాలె ఈమె?" జేబులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "చూడు. కేన్సర్ దవాఖాన రిజిస్టరు. మార్చి పదహారు, తొంభై మూడు. టైము పది నలభై. 'రోగి స్వయంగా తీసుకున్నాడు, విషయం చెప్పడమైనది.' కింద సంతకం, ఫణీంద్ర. ఇగ పాలసీ ఫారం తారీఖు చూడు. అదే మార్చి పదహారు! పొద్దుగాల కేన్సరని తెలుసుకున్నడు, అదే దినం పోయి 'నేను మంచిగున్న' అని సంతకం పెట్టిండు. ఇంతకన్న పచ్చి మోసం నీ సర్వీసుల చూసినవా?"

నా ఫైలు తీసి సరిచూశాను. తారీఖులు రెండూ నిజమే.

"అయిదింటికి ఆఫీసుల కలుద్దాం," అంటూ అతను చెప్పులు వేసుకున్నాడు. గుమ్మంలో ఒక పాతికేళ్ల యువకుడు పాల ప్యాకెట్‌తో ఎదురొచ్చాడు. జగదీశ్వర్ అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ కుర్రాడి ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

"మా తమ్ముడు శ్రావణ్," అంది నళిని. "మా ఆయన ప్రెస్సులనే కంపోజింగ్ చేస్తడు. చిన్నప్పటి సంది మా దగ్గరనే ఉన్నడు."

శ్రావణ్ బల్ల మీద జిరాక్స్ కాగితాన్ని ఒక్క క్షణం చూశాడు. తర్వాత దాని వైపు మళ్లీ చూడలేదు. డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు.

నళిని నా ఎదురుగా కూర్చుంది. "సార్, ఒక్క ముచ్చట అడుగుత. కేన్సరొస్తే పాలసీ చెల్లదా?"

"ఎందుకు చెల్లదమ్మా? పాలసీ తీసుకున్నంక ఏ రోగమొచ్చినా ఇయ్యాల్సిందే. ముందే రోగముండి, ఆ సంగతి తెలిసి, దాచిపెట్టి సంతకం పెడితేనే లొల్లి. కేన్సరని తెలిసినోళ్లకు కొత్త పాలసీ దొరుకుడే కష్టం. అందుకే దాస్తరేమోనని ఆఫీసుకు అనుమానం. అయితే రెండేండ్లు దాటినంక చట్టం పాలసీదారు దిక్కే ఉంటది. ఫారంల రాసింది తప్పు అంటే సరిపోదు. తెలిసే, మోసం చెయ్యాలనే రాసిండని ఆఫీసే రుజువు చెయ్యాలె."

"మాకు రెండేండ్లు దాటినయా?"

"మార్చి ఇరవై ఎనిమిదిన మొదలైంది పాలసీ. ఆయన పోయింది ఈ ఏడు మే రెండున. రెండేండ్ల మీద ముప్పై అయిదు దినాలు."

"అంటే మొత్తం ఆయనకు తెలుసా, తెల్వదా అన్న దాని మీదనే ఉన్నదా?"

"దాని మీదనే."

"తెల్వదు సార్." ఆ మాట గుద్ది చెప్పింది. "పాలసీ వచ్చినంక ఏప్రిల్ల ఆపరేషన్ అయింది, అప్పుడు డాక్టర్లు నన్ను పక్కకు పిలిచి చెప్పిన్రు. అప్పటిదాంక నాకే తెల్వదు. ఆయనకు అల్సరనే చెప్పినం. ఇంజక్షన్లు బలానికన్నం. జుట్టు ఊడితే మందుల వేడన్నం. ఆఖరు దినం గూడ 'ఈ పాడు అల్సరు తగ్గినంక యాదగిరిగుట్ట పోదాం నళినీ' అన్నడు."

మన ఇళ్లలో ఆ రోగం పేరు రోగి ముందు ఎవరూ పలకరు. డాక్టర్లు కూడా రోగిని బయట కూర్చోబెట్టి వెంట వచ్చినవాళ్లను లోపలికి పిలుస్తారు. ఇది దయా, అబద్ధమా? స్వామి దీన్ని ఏ ఖాతాలో వేస్తాడో నాకు తెలియదు. కానీ బీమా ఫారం రాసినవాళ్లకు ఈ ఆచారం గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. ఒంట్లో ఉన్న రోగం మనిషికి తెలిసే ఉంటుందన్న నమ్మకం మీదే అందులోని ప్రశ్నలన్నీ నిలబడ్డాయి.

"మార్చి పదహారున ఆయన ఎటు పోయిండో యాదికున్నదా?"

"ఎందుకు లేదు? పాలసీ మెడికల్‌కు అశోక్‌నగర్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిండు. ఏజెంటు కృష్ణయ్య రెండేండ్ల సంది వెంటపడ్డడు. మార్చి నెల ముగుస్తుంది, నా కోటా తక్కువైంది, నువ్వు కాదంటే ఎట్ల అన్నడు. ఆయన మొగమాటానికి ఒప్పుకున్నడు. ఆ దినం పరగడుపున రమ్మన్నరని నేను చేసిన ఉప్మా గూడ తినలే."

"ఎన్ని గంటలకు పోయిండు?"

"పదింటికి. సైకిల్ మీద."

నా ఫైలులో మెడికల్ ఫారం ఉంది. తారీఖు ఒక్కటే చూసి వదిలేశాను ఇంతవరకూ. జగదీశ్వర్ కూడా అంతే చేసి ఉంటాడు. ఫారం తిరగేశాను. బి.పి. గడిలో ఒక అంకె ఉండవలసిన చోట మూడు ఉన్నాయి. పక్కన చీమల్లాంటి అక్షరాల్లో వేళలు. పది ముప్పై అయిదుకు నూట యాభై. పది యాభైకి నూట నలభై నాలుగు. పదకొండు దాటి అయిదు నిమిషాలకు నూట ముప్పై రెండు.

ఆ కేన్సర్ ఆసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. అశోక్‌నగర్ నుంచి బస్సులో గంట. పది ముప్పై అయిదుకు ఇక్కడ బి.పి. చూపించుకున్న మనిషి, పది నలభైకి అక్కడ రిపోర్టు ఎలా తీసుకున్నాడు?

*

పదకొండూ ముప్పావుకు అశోక్‌నగర్‌లో డాక్టర్ విజయశ్రీ గారి క్లినిక్‌లో ఉన్నాను. బీమా ఆఫీసు జాబితాలో ఉన్న డాక్టరు ఆమె. యాభై అయిదేళ్లు ఉంటాయి. బయట రోగులు కూర్చుని ఉన్నారు. ఫారం చూపించగానే ఆమె కళ్లద్దాలు సవరించుకున్నారు.

"మూడుసార్లు ఎందుకు చూసిన్రమ్మా?"

"సైకిల్ తొక్కుకుంట వచ్చిండాయన. ఆయాసం మీద చూస్తే ఎక్కువొచ్చింది. అది రాసి పంపితే పాలసీ రాదు పాపం. అందుకని పావుగంట పావుగంట కూర్చోపెట్టి చూసిన. టైము వెయ్యాలె, రూలు."

"ఆ సేపు ఆయన బయటికి పోయిండా?"

"ఎటు పోతడు? అగో, ఆ బెంచీ మీదనే కూర్చున్నడు. అక్కడి నుంచి చూస్తే నాకు కనబడతడు."

వెళ్లి ఆ బెంచీ మీద నేనే కూర్చున్నాను. డాక్టరు గారి కుర్చీ, నా ముఖం ఎదురెదురుగా ఉన్నాయి. బయటికి వెళ్లాలంటే ఆమె బల్ల పక్క నుంచే వెళ్లాలి. వేరే తలుపు లేదు.

"అమ్మా, వచ్చినాయన ఫణీంద్రే అని ఎట్ల నమ్మాలె? మెడికల్‌కు వేరే మనిషిని పంపే ఏజెంట్లు ఉన్నరు గద."

ఆమె కొంచెం కోపంగా ఫారం నా వైపు తిప్పారు. "గుర్తులు చూడండి. ఎడమ చెయ్యి ఉంగరపు వేలు కొస లేదు. అట్టలు కోసే మిషన్ల పోయిందన్నడు. వేలు తెగిన మనిషిని యాడ నుంచి తెస్తరు కిరాయికి?"

ఏప్రిల్ నాటి ఆపరేషన్ కాగితాల్లోనూ ఆ తెగిన వేలి మాట ఉంది. ఇద్దరూ ఒకే మనిషి. కానీ ఒక ముల్లు మిగిలింది.

"అప్పటికే ఆయన కడుపుకు టెస్టు చేయించుకున్నడు. ఫారంల మాత్రం 'ఏ జబ్బూ లేదు, ఏ పరీక్షా లేదు' అనున్నది. మీతోటి గూడ చెప్పలేదా?"

విజయశ్రీ గారు ఫారం పక్కకు జరిపారు. తర్వాత సొరుగు లాగి ఒక పాత నోటుపుస్తకం తీశారు. వచ్చినవాళ్ల వివరాలు ముందు అందులో గీకి, తర్వాత ఫారంలోకి ఎక్కిస్తారట. మార్చి పదహారు పేజీ నా ముందు పెట్టారు. "కడుపుల మంట ఆరు నెలలు. టెస్టు చేసిన్రు. రిపోర్టు ఇయ్యాల వస్తది. అల్సర్ కావచ్చునన్నరట."

"చెప్పిండు," అన్నారామె నేల చూస్తూ. "అడగకముందే చెప్పిండు. ఇది రాస్తే పాలసీ నెల ఆగుతది, మార్చి దాటుతది అన్నడు కృష్ణయ్య. అల్సరే గద, కడుపుమంట లేని మనిషెవ్వరు అన్నడు. నేను గూడ అదే అనుకున్న. ఫారంల ఎక్కియ్యలే."

"రిపోర్టు ఇయ్యాల వస్తది" అన్న ముక్క దగ్గర నా వేలు ఆగిపోయింది. రిపోర్టు వస్తుందని చెప్పిన మనిషికి అందులో ఏముందో అప్పటికి తెలియదు. తెలియదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

"ఈ పేజీ నాకు కావాలె అమ్మా. మీ సంతకంతోటి."

"ఇస్తే నన్ను జాబితాల నుంచి తీసేస్తరు."

"తీసేస్తరు. తీసెయ్యరని నేను అబద్ధం చెప్పను. ఇయ్యకపోతే ఫణీంద్రను దొంగల జాబితాల రాస్తరు. ఆయన మీతోటి నిజమే చెప్పిండు గద."

ఆమె నోటుపుస్తకం మూశారు. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆమె బయటికి తొంగిచూసి, కూర్చున్న రోగులతో "ఒక్క అర్ధగంట ఆగండమ్మా" అని, నోటుపుస్తకం చంకన పెట్టుకుని లేచారు. "నడవండి. పక్కనే జిరాక్స్ షాపున్నది. అసలుది నా దగ్గరనే ఉంటది, నకలు మీద సంతకం పెడత. ముప్పై ఏండ్లు చూసిన ఈ జాబితాను. తీసేస్తే తీసెయ్యనీ."

*

ఒంటిగంటకు నారాయణగూడలో ఫణీంద్ర పనిచేసిన ప్రెస్సుకు వెళ్లాను. మేనేజరు హాజరు పుస్తకం చూపించాడు. మార్చి పదహారున ఫణీంద్ర పదకొండూ నలభైకి పనిలోకి వచ్చాడు. వరసలో నాలుగు పేర్ల కింద శ్రావణ్ పేరు. ఆ రోజు సెలవు. పక్కన కారణం: "దవాఖాన పని."

శ్రావణ్ కంపోజింగ్ బల్ల దగ్గర అక్షరాలు ఏరుతున్నాడు. నన్ను చూడగానే చేతిలోని అక్షరాలు పెట్టెలో పడేశాడు. బయటికి పిలిచి జిరాక్స్ కాగితం అతని ముందు పట్టుకున్నాను.

"మీ బావ సంతకం బాగ పెట్టినవు బిడ్డా."

కాదంటాడేమో అనుకున్నాను. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"నాకు అక్షరాలు దిద్దిచ్చింది ఆయనే సార్. నా రాత ఆయన రాత ఒక్కటే ఉంటది."

"ఏమైంది ఆ దినం?"

"బావ మెడికల్‌కు పోవాలె. రిపోర్టు నువ్వు తెస్తవా అన్నడు. పోయిన. కిటికీ కాడ క్లర్కు 'పేషెంటు వచ్చిండా? పేషెంటుకే ఇస్తం' అన్నడు. పేషెంటు రాలేదంటే మల్ల రేపు బావ రావాలె, ఒకదినం జీతం పోతది. నేనే పేషెంటునన్న. సంతకం పెట్టమంటే పెట్టిన. కాగితం చేతుల పెట్టి, 'కేన్సరు, జల్ది డాక్టర్ను కలువు' అని మెల్లగ చెప్పిండు సార్. నాకే వచ్చిందనుకున్నడు. పాపమన్నట్టు నా చెయ్యి పట్టుకున్నడు."

చేతులతో ముఖం కప్పుకున్నాడు. కాసేపటికి మళ్లీ చెప్పాడు. "ఇంటికొచ్చి అల్సరని చెప్పిన. అక్కకు గూడ చెప్పలే. చాటుంగ దవాఖాన డాక్టర్ను కలిసి ఆపరేషన్ తారీఖు తీసుకున్న. ఆయన పానం నిమ్మలంగ ఉండాలని చేసిన సార్. ఇప్పుడు నా సంతకమే ఆయనను దొంగను చేసింది."

"ఇన్ని దినాలు ఎందుకు నోరు మూసుకున్నవు?"

"మూసుకోలే. నెల కింద జగదీశ్వర్ సారుకు మొత్తం చెప్పిన. ఆయన ఏమన్నడో తెలుసా? 'దొంగ సంతకం పెట్టినవు, ఫోర్జరీ కేసయితది, ఏడేండ్లు లోపలుంటవు. మీ అక్కకు మొగుడూ లేడు, తమ్ముడూ ఉండడు. నోరు మూసుకో' అన్నడు."

జగదీశ్వర్‌కు తెలుసు. తెలిసీ దాచింది ఫణీంద్ర కాదు, జగదీశ్వర్.

"అయిదింటికి ఆఫీసుకు రా," అన్నాను. "రాకపోతే నేనేమీ అనను. కేసు అయితదో కాదో నాకు తెల్వదు. నిజం చెప్పిన మనిషి వెనక నేను నిలబడత, అంతవరకే నా చేతుల ఉన్నది."

*

నాలుగూ యాభై అయిదు. క్లెయిముల అధికారి కుసుమ గారి గది. ఆమె గట్టి మనిషి. కాగితం లేని మాట వినరు. జగదీశ్వర్ అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు.

మెడికల్ ఫారం, రిజిస్టరు జిరాక్స్ పక్కపక్కన పెట్టాను. "మేడమ్, రిజిస్టరు ప్రకారం పది నలభైకి ఫణీంద్ర ఊరవతల ఉన్నడు. మన ఫారం ప్రకారం పది ముప్పై అయిదు నుంచి పదకొండూ అయిదు దాంక అశోక్‌నగర్ల బెంచీ మీద కూర్చున్నడు. రెండిట్ల ఒక్కటే నిజం. మన ఫారం అబద్ధమంటే మన డాక్టరే అబద్ధమన్నట్టు."

"అబద్ధమే!" జగదీశ్వర్ బల్ల చరిచాడు. "మెడికల్‌కు ఎవనినో పంపిండు. ఇది మామూలే గద మేడమ్!"

"తెగిన వేలున్నోన్ని పంపిండా?" ఫారంలో గుర్తుల గడి, ఆపరేషన్ కాగితం చూపించాను. తర్వాత విజయశ్రీ గారి నోటుపుస్తకం పేజీ తీశాను. కుసుమ గారు రెండుసార్లు చదివారు. "రిపోర్టు ఇయ్యాల వస్తది" దగ్గర పెన్సిల్‌తో గీత గీశారు.

"మరి ఈ సంతకం ఎవరిది?"

గోడ గడియారం అయిదు కొట్టింది. శ్రావణ్ రాలేదు. జగదీశ్వర్ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు. "పిలువన్నా. నీ సాక్షి వైకుంఠంల ఉన్నడా?"

అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు నళిని, వెనక శ్రావణ్. నళిని తమ్ముడి మణికట్టు పట్టుకుని ఉంది, లాక్కొచ్చినట్టు కాదు, ఆసరాగా.

శ్రావణ్ నేరుగా బల్ల దగ్గరికి వచ్చాడు. బల్ల మీద తెల్లకాగితం తీసుకుని ఫణీంద్ర అని సంతకం పెట్టాడు. దాని కింద ఇంకోటి. ఇంకోటి. కుసుమ గారు జిరాక్స్ పక్కన పెట్టి చూశారు. చూడాల్సిన పని కూడా లేదు.

"రిపోర్టు తీసుకున్నది నేను. బావకు తెల్వదు. ఈ సారుకు నెల కిందనే చెప్పిన." జగదీశ్వర్ వైపు వేలు చూపించాడు. "జైలంటే భయమైంది. ఇప్పుడు గూడ భయమే. అయినా చెప్తున్న. రాసుకోండి మేడమ్."

కుసుమ గారు జగదీశ్వర్‌ను అడిగారు. "మీ రిపోర్టులో ఈ మాట ఎక్కడుంది?"

కుసుమ గారు ఫైలు తెరిచి, "మోసం" అన్న మాట మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. పక్కన సంతకం, తారీఖు, వేళ వేశారు. "పాలసీదారుకు తెలిసినట్టు రుజువు లేదు. సొమ్ము చెల్లించవచ్చు" అని రాసి పై కమిటీకి పంపమన్నారు. నళిని బల్ల మీదికి వంగి ఆ ఎర్ర గీతనే చూస్తూ ఉండిపోయింది. సొమ్ము సంగతి ఆమె చదివినట్టు లేదు.

వరండాలో జగదీశ్వర్ నా దారికి అడ్డం నిలబడ్డాడు. "సంబురపడకు. రికార్డు రూముల నీ పాత ఫైళ్లున్నయి. ఎనభై నాలుగుల మాసయ్య ఫైలు నేను చూసిన. వేలిముద్ర సరిచూడకుండనే రాసినవు. సోమవారం అది మేడమ్ టేబుల్ మీద ఉంటది. నీ పేరు గూడ జాబితాల నుంచి పోతది, నామాలన్నా!"

పదకొండేళ్లుగా నేను భయపడిన మాట ఇంకొకరి నోట విన్నాను. విన్నాక భయం ఉండాల్సిన చోట ఏమీ కనిపించలేదు.

"నీకెందుకు తమ్మీ అంత కష్టం? ఆ ఫైలు నేనే తీస్త," అన్నాను. "నువ్వు చెప్పకముందే మేడమ్ చేతికిస్త. దారి ఇడు."

*

శనివారం నాకు ఉపవాసం. గుడికి వెళ్లి దండం పెట్టుకుని, ప్రసాదం కౌంటరులో పులిహోర తీసుకున్నాను. దాన్ని ఇంటి నుంచి తెచ్చిన ఒక చిన్న ఇత్తడి గిన్నెలో పెట్టాను.

ఆ గిన్నె నాది కాదు. 1984లో విచారణకు వెళ్లినప్పుడు నేను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని తెలిసి బుగ్గమ్మ జొన్నరొట్టె, పచ్చడి పెట్టి ఇచ్చిన గిన్నె అది. గిన్నె రేపు తెచ్చిస్తానన్నాను. ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా ఇంట్లో నియమం. ఏం పెట్టి ఇవ్వను? అలా పదకొండేళ్లు మా అటక మీదే ఉండిపోయింది. నా భార్య రెండుసార్లు తోమి, ఎవరిదని అడిగి, నేను చెప్పకపోతే ఊరుకుంది.

బుగ్గమ్మ అంబర్‌పేట బస్తీలో అదే గుడిసెలో ఉంది. తల నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"పాలసీ సారు గదా? రొట్టె తిని పోయిన సారు!"

"అవునమ్మా. నీ గిన్నె తెచ్చిన."

నవ్వింది. "గిన్నె కోసం గిన్నేండ్లా? నేనైతే పోయిందనుకున్న."

రెండు చేతులతో గిన్నె అందుకుంది. కుడి బొటనవేలు గిన్నె అంచు మీదికి వచ్చింది. ఆ వేలికి అడ్డంగా, ఏటవాలుగా, తెల్లటి గీత.

నేను ముందుకు వంగి చూశాను.

"ఆ గాటు ఎప్పటిదమ్మా?"

"ఇదా? చిన్నప్పుడు జొన్నచేన్ల కొడవలి దిగింది."

"మాసయ్య రిపోర్టు దవాఖాన కాడ ఎవరు తీసుకున్నరు?"

"నేనే. వేలేయమన్రు, ఏసిన. కడుపుల పుండని చెప్పిన ఆయనకు. కేన్సరంటే పానం ఆన్నే పోతదని." నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది సారు?"

చెప్పాను. ఆ వేలు చూసి నేనేం రాశానో, ఆ అయిదు వేలు ఎందుకు రాలేదో, మొత్తం చెప్పాను. ముద్ర సరిచూడలేదని తప్పు ఒప్పుకుంటూ నిన్న రాత్రి ఆఫీసుకు రాసిన కాగితం చదివి వినిపించాను. సొమ్ము సంగతి పై కమిటీ తేల్చాలని, వస్తుందో రాదో నాకు తెలియదని కూడా చెప్పాను.

బుగ్గమ్మ చాలాసేపు తన వేలిని చూసుకుంది.

"ఆల్లు అడిగితే ఎవరి వేలో చెప్తుంటి గదా," అంది చివరికి. "ఒక్కలు అడగలే. నువ్వు గూడ అడగలే."

"అడగలే," అన్నాను.

"ఆ కాయిదం ఇయ్యి. కమిటీ యాడున్నదో చెప్పు, నేనే వస్త. నా వేలు సూపెడత. వాల్లేమంటరో సూస్త."

పులిహోర పళ్లెంలోకి వంచుకుంది. గిన్నె కడిగి, కొంగుతో తుడిచింది. గూట్లోంచి ఒక పాత క్యారియర్ దింపింది. మాసయ్య పనికి పట్టుకెళ్లిన క్యారియర్. రెండు గిన్నెలకూ మూతకూ నడుమ మూడో గిన్నె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో గిన్నెను పెట్టి, పక్కనున్న కొక్కెం లాగి నొక్కింది. టక్కుమని పట్టింది.

"సరిపోయింది సారు," అంది.